46 శాతం ఫాస్ఫేట్ ఉన్న రాయి మొరాకోలో కూడా లేదు

(పాఠకుల ప్రశ్నలకు జియాలజిస్టు జవాబులు)

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఫాస్ఫేట్ మీదే. డీఏపీ కోసం లైన్లలో నిలబడి విసిగిపోయి రాశారో, లేక పులివెందుల వైపు ఎవరో జీపులేసుకుని తిరుగుతున్నందుకు రాశారో గానీ, మొత్తానికి కట్ట లావుగానే ఉంది. పెద్ద ఉత్తరం ముందు పెడుతున్నా. దాని జవాబు కూడా పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మాది వేంపల్లె దగ్గర పల్లె. నాలుగెకరాల మెట్ట, ఒక బోరు, అది కూడా ఎండాకాలంలో నీళ్లు రాదు. రెండు నెలల కింద ముగ్గురు జీపులో వచ్చి మా గుట్ట పక్కన రాళ్లు కొట్టుకుని పోయినారు. మళ్లీ వచ్చి ల్యాబ్ రిపోర్టు చూపించి, మీ పొలంలో 46 శాతం ఫాస్ఫేట్ ఉంది, డీఏపీ బస్తా మీద ఉండేది కూడా అంతే కదా అన్నారు. విదేశీ కంపెనీతో జాయింట్ వెంచర్ అంట. రైతు ఒక్కొక్కరు రెండు లక్షలు కట్టి, పొలం మీద జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిస్తే కంపెనీలో 5 శాతం వాటా అంట. మా ఊర్లో ఇద్దరు అప్పుడే కట్టేసినారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ, టెన్షన్‌గా ఉంది. రిపోర్టు జిరాక్స్ పంపిస్తున్నా. ఏం చేయమంటారు సార్? – ఒక రైతు, కడప జిల్లా

జవాబు: సంతకం పెట్టొద్దు, డబ్బు కట్టొద్దు. అసలు ముక్క చెప్పేశాను కాబట్టి ఇక నిదానంగా మాట్లాడుకుందాం.

మీ జిరాక్స్ చూశాను. ఒకే ఒక్క శాంపిల్. ఎక్కడ తీశారో లేదు, పైన దొరికిన రాయా, లోపల నుంచి తీసిందా అన్నది లేదు, పరీక్ష చేసినవాడి సంతకం లేదు, ముద్ర మాత్రం రెండుసార్లు గుద్దారు. 46 అనే అంకె పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో బీపీఎల్ అని ఉంది చూశారా, కిటుకంతా అక్కడే. ఇది రేషన్ కార్డు బీపీఎల్ కాదు, బోన్ ఫాస్ఫేట్ ఆఫ్ లైమ్. ఎముకల పొడిని ఎరువుగా అమ్ముకున్న కాలం నాటి లెక్క, వ్యాపారుల నోట్లో ఇంకా బతికే ఉంది. డీఏపీ బస్తా మీద ఉండే 18-46లో 46 వేరే కొలత, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ శాతం. బీపీఎల్ అంకెను 2.185తో భాగిస్తే ఈ రెండో అంకె వస్తుంది. మీ అబ్బాయి ఫోన్లో లెక్కేయమనండి, 21 తేలుతుంది. అంటే వాళ్లు అబద్ధం రాయలేదు, రెండు వేరు వేరు తూకాలను పక్కపక్కన పెట్టి మిమ్మల్ని పోల్చుకోనిచ్చారు, అంతే. ఇంకో సంగతి, ఫాస్ఫేట్ రాయికి ఆ గుణం తెచ్చే ఖనిజం అపటైట్. అది చిటికెడు మట్టి కూడా కలవకుండా స్వచ్ఛంగా దొరికినా అందులో పెంటాక్సైడ్ 42 శాతం దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి 46 శాతం ఉన్న రాయి మీ పొలంలోనే కాదు, ప్రపంచం నిల్వల్లో మూడింట రెండొంతులకు పైగా తన దగ్గర పెట్టుకున్న మొరాకోలో కూడా ఉండదు. డీఏపీకి ఆ అంకె ఎలా వచ్చిందంటే అది రాయి కాదు, రాతిని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కరిగించి ఫాస్ఫారిక్ ఆమ్లం తీసి, దానికి అమ్మోనియా పట్టించి చేసిన సరుకు.

మరి 21 శాతం పనికిరాదా అని మీరు అడుగుతారు. పనికొస్తుంది, పొర ఉంటే. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర జామర్‌కోట్రలో 1968లో ఫాస్ఫేట్ బయటపడింది. అక్కడ 16 శాతం ఉన్న రాతిని కూడా పొడి చేసి, నురగలో తేల్చి, 30 పైకి తెచ్చుకుంటారు. కానీ అక్కడ కొండ వెంబడి కిలోమీటర్ల కొద్దీ పొర సాగింది. మీ దగ్గర ఉన్నది ఒక జిరాక్స్ కాగితం.

అయితే వాళ్లు చెప్పేది పూర్తిగా గాల్లోంచి పుట్టిన కథ కాదు, అందుకే ఇద్దరు పడిపోయారు. జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ అనే దొర 1872లో కడప, కర్నూలు రాళ్ల మీద ఒక పెద్ద గ్రంథమే అచ్చు వేయించాడు. మీ వేంపల్లె పేరుతో ఒక రాతివరసే ఉంది, వేంపల్లె ఫార్మేషన్ అంటే జియాలజీ చదివినవాడు ఏ దేశంలో ఉన్నా తలూపుతాడు. అది ఎక్కువగా డోలమైట్, అంటే మెగ్నీషియం కలిసిన సున్నపురాయి లాంటిది, దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ల కిందటి సముద్రం అడుగు. మీ గుట్ట మీద అడ్డంగా కోసిన క్యాబేజీలాగా పొర మీద పొర గుండ్రంగా తిరిగిన రాళ్లు కనిపిస్తాయి కదా, పిల్లలు వాటి మీద కూర్చుని ఆడుకుంటుంటారు, అవి ఆ సముద్రంలో పెరిగిన నాచు కట్టుకున్న గూళ్లు. స్ట్రొమటోలైట్లు అంటాం. జామర్‌కోట్రలో ఫాస్ఫేట్ అంతా పట్టుకుని కూర్చున్నది ఇలాంటి గూళ్లలోనే. అక్కడ ఉన్నప్పుడు ఇక్కడ ఎందుకు ఉండకూడదు అని జియాలజిస్టులకు ఆశ పుట్టడం సహజం. చివరికి తుమ్మలపల్లె దగ్గర ఫాస్ఫేట్ కలిసిన డోలమైట్ దొరికింది కూడా, కాకపోతే దానితో పాటు యురేనియం దొరికింది. 2012లో అక్కడ యురేనియం గని మొదలైంది, మీకు నేను చెప్పాల్సిన పని లేదు, మీ ఊరి బస్సులోనే కూలీకి పోయినవాళ్లు ఉంటారు. ఆ రాతిలో ఎక్కువ భాగం డోలమైటే, ఫాస్ఫేట్ కొద్దిపాళ్లే. పైగా డోలమైట్‌లో ఉండే మెగ్నీషియం ఎరువుల ఫ్యాక్టరీకి పెద్ద తలనొప్పి, ఆమ్లం చిక్కబడి మడ్డి కడుతుంది. ఫ్యాక్టరీవాడు మెగ్నీషియం ఒక్క శాతం దాటినా మూతి ముడుచుకుంటాడు.

ఇక చట్టం. 1957 గనుల చట్టం మొదటి షెడ్యూల్లో యురేనియం ఉన్న ఫాస్ఫేట్ రాళ్లను పార్ట్ బీలో, అణు ఖనిజాల వరసలో పెట్టారు. యురేనియం లేని ఫాస్ఫేట్‌ను 2023 సవరణతో పార్ట్ డీలో, కీలక ఖనిజాల్లో చేర్చారు, దాని వేలం కేంద్రం చేతుల్లో ఉంది. అదే సవరణతో ఎక్స్‌ప్లొరేషన్ లైసెన్సు అని కొత్తది ఒకటి వచ్చింది, 29 ఖనిజాలకు, అందులో రాక్ ఫాస్ఫేట్ కూడా ఉంది. వెయ్యి చదరపు కిలోమీటర్ల దాకా ఇస్తారు, అయిదేళ్లు గడువు. వెతికినవాడికి గని నేరుగా రాదు, తర్వాత ఆ గనిని వేలం వేసినప్పుడు వచ్చే ప్రీమియంలో వాటా వస్తుంది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఏ దారిలో పోయినా అది ప్రభుత్వం ఇచ్చే హక్కు, రైతు దగ్గర జీపీఏ రాయించుకుంటే పుట్టే హక్కు కాదు. మళ్లీ వస్తే బ్లాకు పేరేంటి, వేలం ఏ తేదీన జరిగింది, లైసెన్సు ఎవరి పేరున ఉంది అని అడగండి, ఆ కాగితం తీసుకుని కడపలో గనుల శాఖ ఆఫీసుకి పోయి చూపించండి. కాగితం ఇవ్వడానికి నసిగితే కథ అక్కడితో అయిపోయినట్టే.

జాయింట్ వెంచర్ అంటే ఇద్దరూ తలా ఒకటి తేవాలి. మామూలుగా ఒకడు లైసెన్సు తెస్తాడు, ఇంకొకడు డబ్బు తెస్తాడు. మీ ఊరి వెంచర్లో భూమి మీది, రెండు లక్షలు మీవి, సంతకం మీది. మరి వాళ్లు తెచ్చిందేంటి, జీపు!

జీపీఏ సంగతి ఇంకా భయం. దాని మీద ఏం రాశారో బట్టి మీ పొలం అమ్మేయొచ్చు, తాకట్టు పెట్టేయొచ్చు. నిజంగా లీజు వచ్చిన కంపెనీకి మీ భూమి రాయించుకోవాల్సిన పనే లేదు, అదే చట్టంలో 24ఏ అనే సెక్షన్ కింద లోపలికి వచ్చి పని చేసుకునే హక్కు ఉంటుంది, దానికి మీకు నష్టపరిహారం కట్టాలి. డబ్బు మీ నుంచి వాళ్లకు కాదు, వాళ్ల నుంచి మీకు రావాలి. ఇప్పటికే ఇచ్చిన ఇద్దరినీ ఈ వారమే ఒక లాయరు దగ్గరికి పంపండి. జీపీఏ రిజిస్టర్ అయి ఉంటే రద్దు కూడా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరే చేయించాలి, నోటి మాటగా రద్దయిపోయింది అంటే కుదరదు. ఫోన్‌పేలో పంపారా, చేతికిచ్చారా, ఏ ఆధారం ఉన్నా దాచిపెట్టి పోలీసులకు ఫిర్యాదు ఇవ్వమనండి. సిగ్గుపడి ఊరుకుంటే జీపు పక్క ఊరికి పోతుంది.

ప్రశ్న: మా తమ్ముడు సింగపూర్‌లో ఉంటాడు. ఆస్ట్రేలియాలో ఫాస్ఫేట్ వెతికే చిన్న కంపెనీ షేర్లు కొని నన్నూ కొనమంటున్నాడు. ప్రకటనలో, భాగస్వామి మొదటి దశలో 51 శాతం, రెండో దశలో 75 శాతం సంపాదిస్తాడు, ఆ తర్వాత మనకు 25 శాతం ఫ్రీ క్యారీడ్ అని ఉంది. మన వాటా అంతంత తగ్గిపోతుంటే షేరు పెరిగిందేంటి? – బంగారం వ్యాపారి, ప్రొద్దుటూరు

జవాబు: ప్రొద్దుటూరాయన బంగారం వదిలి ఫాస్ఫేట్ అడగడమే నాకు వింతగా ఉంది. సరే, బోరు లెక్కలో చెప్తాను, మన సీమలో ఇంతకంటే బాగా అర్థమయ్యే లెక్క లేదు.

మీకు పదెకరాల బీడు ఉంది, బోరు వేయడానికి డబ్బు లేదు. పక్క ఊరాయన వచ్చి, నా ఖర్చుతో రెండేళ్లలో మూడు బోర్లు వేస్తా, వేస్తే సగం పైన భూమి నాది, ఇంకో రెండేళ్లు పైపులు, మోటార్లు, కరెంటు లైను కూడా నేనే పెడితే ముప్పావు నాది, మధ్యలో వదిలేసి పోతే నాకేమీ లేదు, భూమి మొత్తం నీదే అన్నాడనుకోండి. కోరుకు ఇవ్వడం మనకు తెలుసు, అందులో పంట పంచుకుంటారు, ఇందులో భూమినే పంచుకుంటారు. దీన్నే ఎర్న్-ఇన్ అంటారు. 51 శాతం అనేది వాడికి ఇచ్చేసింది కాదు, ఖర్చు పెట్టి సంపాదించుకోవాల్సింది. షేరు ఎందుకు పెరిగిందంటే, జేబులో చిల్లిగవ్వ లేని కంపెనీకి ఎవరో బోరు బండి తోలుకొచ్చాడు కాబట్టి. నీళ్లు పడ్డందుకు కాదు.

ఫ్రీ క్యారీడ్ దగ్గర జాగ్రత్త. మీ వంతు ఖర్చు కూడా అవతలివాడే పెట్టుకుంటాడు, కానీ ఎంత దాకా? ఎక్కువ ఒప్పందాల్లో సాధ్యతా నివేదిక, అదే ఫీజిబిలిటీ స్టడీ పూర్తయ్యేదాకా. ఆ తర్వాత గని కట్టడానికి కోట్ల డాలర్లు కావాలి, అప్పుడు 25 శాతం వాటాదారు 25 శాతం డబ్బు తేవాలి. తేలేకపోతే వాటా కరిగి కరిగి ఒక స్థాయి దాటాక రాయల్టీగా మారిపోయేలా రాసుకుంటారు. మీ తమ్ముణ్ణి పత్రికా ప్రకటన కాదు, ఆ ఒప్పందంలో ఈ పేరా ఎక్కడుందో చూపించమనండి. ఖర్చు పెట్టాల్సిన మొత్తంలో కనీసం ఎంత తప్పనిసరి, ఎంత ఇష్టముంటే అన్నది కూడా అందులోనే తెలుస్తుంది. పెద్ద అంకె ఎప్పుడూ ఇష్టముంటే వైపే ఉంటుంది.

మన కంపెనీలు కూడా ఫాస్ఫేట్‌లో భాగస్వామ్యాలు చేశాయి, కానీ వెతుకులాటలో తక్కువ. విశాఖ, కాకినాడల్లో ఫ్యాక్టరీలున్న కోరమాండల్ 2022లో సెనెగల్‌లో గని చేతిలో ఉన్న ఒక కంపెనీలో 45 శాతం కొంది. ఇఫ్కో జోర్డాన్‌లో అక్కడి ఫాస్ఫేట్ కంపెనీతో కలిసి ఫాస్ఫారిక్ ఆమ్లం ఫ్యాక్టరీ పెట్టింది, 52, 48 వాటాలు. వీళ్లకు కావాల్సింది షేరు పెరగడం కాదు, ఓడ నిండా రాయి, ట్యాంకు నిండా ఆమ్లం. మీరు కొనబోయేది ఆ తరగతి కాదు. పోతే పోయింది అనుకునే డబ్బయితే పెట్టుకోండి, అమ్మాయి పెళ్లికి దాచింది మాత్రం ముట్టుకోవద్దు.

ప్రశ్న: నేను అనంతపురంలో ఎమ్మెస్సీ జియాలజీ పూర్తి చేశాను. పశ్చిమ ఆఫ్రికాలో ఫాస్ఫేట్ వెతికే జాయింట్ వెంచర్ క్యాంపులో జూనియర్ జియాలజిస్టుగా ఆఫర్ వచ్చింది. అక్కడ పని ఎలా ఉంటుంది? ఇంట్లో భయపడుతున్నారు. – ధర్మవరం అమ్మాయి

జవాబు: వెళ్లమ్మా. కంపెనీ గురించి, వీసా గురించి, ఇన్సూరెన్స్ గురించి నీళ్లలో కాళ్లు పెట్టేముందు చూసుకున్నట్టు చూసుకుని వెళ్లు.

పని గురించి చెప్పాలంటే నీ రోజంతా కోర్ బాక్సుల ముందే గడుస్తుంది. డ్రిల్లు మూడు మీటర్లు దిగి పైకి తీసిన రాతికడ్డీని పెట్టెలో వరసగా పేర్చి, చివర చిన్న చెక్కముక్క మీద లోతు రాసి పెడతారు. ఆ చెక్కముక్కను గౌరవించడం నేర్చుకో. మూడు మీటర్లు దిగితే పెట్టెలో రెండు మీటర్ల పది సెంటీమీటర్లే ఉంటే మిగతాది ఏమైంది? ఫాస్ఫేట్ పొర చాలాచోట్ల ఇసుకలా మెత్తగా ఉంటుంది, డ్రిల్లు నీళ్లతో పాటు అదే ముందు కొట్టుకుపోతుంది, గట్టిగా ఉన్న పనికిరాని రాయి మాత్రం బుద్ధిమంతుడిలా పెట్టెలో కూర్చుంటుంది. ఆ డెబ్బై శాతాన్నే చూసి పొర లేదని రాసేసినవాళ్లు ఉన్నారు, కొట్టుకుపోయిందంతా ఫాస్ఫేటే అని రాసేసినవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. దిగినదాంట్లో ఎంత శాతం పైకొచ్చిందో, అదే రికవరీ, ఉన్నదున్నట్టు రాసిపెట్టు, ఎవరు తిట్టినా అది మార్చొద్దు.

శాంపిల్ సంచుల మధ్యలో ఏమీ లేని ఖాళీ రాయి ఒకటి, ముందే విలువ తెలిసిన పొడి ఒకటి, ఒకే శాంపిల్ రెండుసార్లు ఒకటి, ఇలా కలిపి పంపుతుంటారు, ల్యాబ్ నిద్రపోతుందో మేలుకుందో తెలియడానికి. ఫాస్ఫరస్ ఒక్కదాని కోసమే చూడొద్దు. ఇనుము, అల్యూమినియం, మెగ్నీషియం, క్యాడ్మియం, ఇవి దొంగల్లాగా వెంట వస్తాయి. క్యాడ్మియం ఎక్కువైతే యూరప్ తలుపు మూసుకుంటుంది, 2022 నుంచి అక్కడ కిలో పెంటాక్సైడ్‌కు 60 మిల్లీగ్రాములు హద్దు.

జాయింట్ వెంచర్ క్యాంపులో ఇంకో తమాషా ఉంటుంది. లైసెన్సు ఉన్నవాడికి మంచి అంకె త్వరగా కావాలి, డబ్బు పెట్టేవాడికి తర్వాతి విడత పెట్టాలా వద్దా తేల్చుకోవడానికి నిజమైన అంకె కావాలి, ఇద్దరి మనుషులూ సాయంత్రం నీ టేబుల్ దగ్గరికే వస్తారు. ఇద్దరికీ ఒకే షీటు ఇవ్వు.

ప్రశ్న: రాయిలో ఫాస్ఫేట్ ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చా? – డిగ్రీ విద్యార్థి, బేతంచెర్ల

జవాబు: ఇంట్లో వద్దు, కాలేజీ ల్యాబ్‌లో చేయి. రాతిపొడిని నైట్రిక్ యాసిడ్‌లో వేసి అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే, ఫాస్ఫేట్ ఉంటే పసుపు రంగులో అడుగున దిగుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మోసపోవడానికి కూడా. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక సాయంత్రం పద్నాలుగు శాంపిళ్లు పరీక్షిస్తే పద్నాలుగూ పసుపు పచ్చగా మెరిశాయి, రాత్రంతా నిద్రపట్టలేదు, ఏదో పెద్ద గని కనిపెట్టేశాననుకుని. తెల్లారి మా పెద్దాయన ఖాళీ టెస్ట్‌ట్యూబులో ఒట్టి నీళ్లు పోసి అదే మందు వేయమన్నాడు. అదీ పసుపే! ట్యూబులు నేను బట్టల సబ్బుపొడితో కడిగాను, అందులో ఫాస్ఫేట్ ఉంది. కాబట్టి ముందు ఒట్టి నీళ్లతో ఒకసారి చేసి చూడు. మీ బేతంచెర్ల బండలకు ఎలాగూ ఈ రంగు పెద్దగా రాదు, నాపరాయి నాపరాయే.

ప్రశ్న: రాక్ ఫాస్ఫేట్ పొడి చవకగా ఇస్తామంటున్నారు. వేరుశనగకు డీఏపీ బదులు చల్లొచ్చా? – ఉరవకొండ రైతు

జవాబు: దండగ. ఆ పొడి కరగాలంటే నేల పులుపుగా ఉండాలి. టీ, రబ్బరు తోటల నేలలకు అది పనిచేస్తుంది. సున్నం పాలు ఎక్కువున్న మన నేలల్లో వేస్తే మీ మనవడి కాలానికి కూడా అక్కడే ఉంటుంది. వేరుశనగకు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ మేలు, 16 శాతం ఫాస్ఫరస్ పెంటాక్సైడ్‌తో పాటు కాల్షియం, గంధకం కూడా వస్తాయి. ఊడలు దిగేటప్పుడు ఎకరాకు 200 కిలోల జిప్సం మరిచిపోవద్దు.

ప్రశ్న: తొలకరి పడితే మా చేలల్లోకి వజ్రాల కోసం ఎక్కడెక్కడి జనమో వస్తారు. ఫాస్ఫేట్ అంత విలువైనదైతే దానికి ఎందుకు రారు? – తుగ్గలి

జవాబు: వజ్రం ఒకటి దొరికితే పంచె కొంగున కట్టుకుని పోవచ్చు. ఫాస్ఫేట్ మామూలు రోజుల్లో టన్ను నూరు, నూటయాభై డాలర్లు. లారీ, వేబ్రిడ్జి బిల్లు, లైసెన్సు, అన్నీ వెంట తెచ్చుకోవాలి.